మహలనోబిస్ లెక్క, మా అల్లం చేను

ఫస్ట్ ఇయర్ సెలవుల్లో నేను మా నాయినకి ఒక సలహా ఇచ్చాను. దాని వల్ల ఏమైందో చెప్పాలంటే ముందు ఒక పెద్దమనిషి గురించి చెప్పాలి. ఆయన పోయి యాభై ఏళ్ళు దాటింది. పేరు మీలో చాలామందికి తెలుసు. కాకపోతే మనిషిగా కాదు, పైథాన్‌లో ఒక ఫంక్షన్‌గా. ప్రశాంత చంద్ర మహలనోబిస్. మెషిన్ లెర్నింగ్ ల్యాబ్‌లో మహలనోబిస్ డిస్టెన్స్ అని రాసి, వైవాకి ఫార్ములా బట్టీ పట్టి మర్చిపోతామే, ఆయనే.

మాది చిరాగ్‌పల్లి. జహీరాబాద్ దాటి ముంబై హైవే మీద వెళ్తుంటే, కర్ణాటక బార్డర్ వస్తుందనగా చెక్‌పోస్ట్ దగ్గర లారీలు కనిపిస్తాయి. అక్కడే. మా వైపు చెరకు, అల్లం, ఆలుగడ్డ, కంది పండిస్తారు. కోడింగ్ కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో నేను మూడేళ్ళ అల్లం ధరలు డౌన్‌లోడ్ చేసి లీనియర్ రిగ్రెషన్ పెట్టాను. గీత నిటారుగా పైకి పోయింది. ఎకరం చెరకు తీసేసి అల్లం పెడదామని నాయినకి చెప్పాను. కొడుకు కంప్యూటర్ చదువుతున్నాడు కదా అని నాయిన ఏమీ అడగలేదు. తాత ఒక్కడే అడిగాడు, ఈ ధర చూసి అందరూ అల్లమే పెడితే ఎట్లరా అని. నేను నవ్వేశాను.

పంట తవ్వే టైముకి ధర సగానికి పడింది. పెరిగిన ధర మా ఒక్క ఇంట్లోనే కనిపించలేదు మరి. విత్తనం అల్లానికి పెట్టిన డబ్బు కూడా పూర్తిగా తిరిగి రాలేదు. నాయిన నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఆ తర్వాతి సెమిస్టర్‌లోనే ల్యాబ్‌లో ఈ పేరు ఎదురైంది. ఎవరీయన అని చదవడం మొదలుపెడితే, ఒక పంటకి కాదు, దేశం మొత్తానికి మోడల్ రాసిన మనిషి అని తెలిసింది. అందులో ఆయన సరిగ్గా చేసినవీ ఉన్నాయి, వదిలేసినవీ ఉన్నాయి. రెండూ నాకు పనికొచ్చాయి.

మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తాలో బ్రహ్మసమాజ కుటుంబంలో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివారు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ అక్కడ ఆయన గురువులు. 1913లో ఇంగ్లండ్ వెళ్ళారు. లండన్‌లో చేరాల్సిన మనిషి కేంబ్రిడ్జి చూడ్డానికి వెళ్ళి, రైలు మిస్సయి, ఆ రాత్రి అక్కడే ఉండిపోయి, కింగ్స్ కాలేజీ చాపెల్ చూసి ముచ్చటపడి అక్కడే చేరిపోయారు.

అక్కడ ఆయనకి రామానుజన్ స్నేహితుడు. ఒక చలికాలం రామానుజన్ రాత్రిళ్ళు వణికిపోతూ కోటు, శాలువా కప్పుకుని పడుకుంటున్నాడని తెలిసి, గదికి వెళ్ళి చూస్తే దుప్పట్లన్నీ మంచం మీద చక్కగా మడిచి బిగించే ఉన్నాయి. వాటి పైన కాదు, లోపలికి దూరి పడుకోవాలని రామానుజన్‌కి తెలియదు. మహలనోబిస్ చూపించారు. ఇంకోసారి రామానుజన్ వంట చేస్తుంటే ఒక పత్రికలో వచ్చిన పజిల్ చదివి వినిపించారు. ఒక వీధిలో ఇళ్ళకి ఒకటి నుంచి వరసగా నంబర్లు. ఒక ఇంటికి ఎడమవైపు నంబర్ల మొత్తం, కుడివైపు నంబర్ల మొత్తం సమానం. ఇళ్ళు యాభైకి, ఐదొందలకి మధ్య ఉంటాయి. ఆ ఇల్లేది? మహలనోబిస్ ఒక్క జవాబు కనుక్కున్నారు: 288 ఇళ్ళలో 204వది. రామానుజన్ గరిటె తిప్పుతూనే అలాంటి వీధులన్నిటికీ కలిపి ఒకే సూత్రం చెప్పేశాడు. అలాంటివాడి పక్కన కూర్చుని కూడా లెక్కలంటే విరక్తి రాకపోవడం గొప్పే అనిపించింది నాకు.

1915లో ఇంటికి బయలుదేరేటప్పటికి యుద్ధం జరుగుతోంది, ప్రయాణం ఆలస్యమైంది. ఆ ఖాళీలో కాలేజీ లైబ్రరీలో ఒక ట్యూటర్ ఆయనకి బయోమెట్రికా అనే జర్నల్ చూపించారు. స్టాటిస్టిక్స్‌తో జీవశాస్త్రం చేసే పత్రిక అన్నమాట. మొత్తం సెట్ కొనుక్కుని ఓడలో చదువుకుంటూ వచ్చారు. కలకత్తాలో ఫిజిక్స్ పాఠాలు చెబుతూనే ఈ కొత్త పిచ్చి పెంచుకున్నారు.

మన ల్యాబ్‌లోని డిస్టెన్స్ అక్కడి నుంచే పుట్టింది. కలకత్తాలో ఆంగ్లో-ఇండియన్ల శరీర కొలతల డేటా ఆయన చేతికి వచ్చింది. రెండు గుంపుల మనుషులు ఒకరికొకరు ఎంత దగ్గర, ఎంత దూరం అని కొలవాలి. మామూలు దూరం ఒక్కో కొలతని విడిగా చూస్తుంది. ఆరడుగుల మనిషి వింత కాదు, నలభై ఐదు కిలోల మనిషీ వింత కాదు. కానీ ఆరడుగులుండి నలభై ఐదు కిలోలున్నవాడు వింతే. కొలతల మధ్య ఉన్న సంబంధాన్ని కూడా లెక్కలోకి తీసుకునే దూరం ఇది. 1936లో దీన్ని పూర్తి రూపంలో అచ్చువేశారు. ఇవాళ మనం ఔట్‌లయర్లు పట్టుకోవడానికి వాడేది ఇదే.

ఇంజినీరింగ్ వాళ్ళం కాబట్టి వరదల కథ కూడా చెప్పాలి. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగు మట్టం పెరిగిపోయింది, కరకట్టలు ఎత్తు పెంచాలి అని ఇంజినీర్ల కమిటీ తేల్చింది. మహలనోబిస్ దాదాపు అరవై ఏళ్ళ రికార్డులు తీసి చూస్తే నది అడుగు పెరగనేలేదు. ఎగువన నీళ్ళు ఆపే డ్యాములు కట్టాలి, కరకట్టలు కాదు అని చెప్పారు. తర్వాతెప్పుడో హీరాకుడ్ లాంటి ఆనకట్టల ఆలోచనకి ఆ లెక్కలు పనికొచ్చాయి. అందరూ కళ్ళతో చూసి నమ్మినదాన్ని పాత డేటా తప్పని చూపించింది.

1931 డిసెంబర్‌లో ప్రెసిడెన్సీ కాలేజీలోని తన గదిలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టారు. మొదటి ఏడాది ఖర్చు 250 రూపాయల లోపే. 1933లో సంఖ్య అనే జర్నల్ తెచ్చారు. మన తెలుగువాళ్ళ కథ కూడా ఇక్కడే కలుస్తుంది. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎమ్మే చేసిన ఇరవై ఏళ్ళ కుర్రాడు ఒకరు ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, ఆ ఉద్యోగం రాక, ఈ ఇన్‌స్టిట్యూట్ గురించి విని 1941 జనవరి 1న అందులో చేరారు. ఆయనే సి.ఆర్. రావు. నాలుగేళ్ళకే, 1945లో, మనం చదివే క్రామర్-రావు బౌండ్ రాశారు. కేంబ్రిడ్జి మ్యూజియంలో పాత అస్థిపంజరాల కొలతల మీద ఈ మహలనోబిస్ దూరం వాడటానికి ఆయన్నే పంపారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఇప్పుడు ఆయన పేరుతో ఒక సంస్థ ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం జనపనార సర్వే. బెంగాల్లో ఎన్ని ఎకరాల్లో జనపనార వేశారో ముందే తెలిస్తే ధర, ఎగుమతి అన్నీ అంచనా వేయొచ్చు. అప్పటిదాకా ప్రతి పొలం లెక్కపెట్టాలన్నదే పద్ధతి. 1937లో మహలనోబిస్ కొన్ని ముక్కల్ని యాదృచ్ఛికంగా, అంటే లాటరీ తీసినట్టు ఎంచుకుని వాటిని మాత్రం చూడటం మొదలుపెట్టారు. 1941కల్లా బెంగాల్ మొత్తం అలా చేశారు. ఖర్చు చాలా తక్కువ, టైమూ తక్కువ.

అందులో రెండు తెలివైన పనులున్నాయి. ఒకటి, అసలు సర్వేకి ముందు చిన్న సర్వే చేసి, ఎంత ఖర్చవుతుంది, తప్పు ఎంత వస్తుంది అని చూసుకోవడం. పైలట్ సర్వే అని ఇప్పుడు అందరూ చేసేదే. రెండోది, శాంపిల్‌ని రెండు సమాన భాగాలు చేసి, ఒకే ఊళ్ళకి ఇద్దరు మనుషుల్ని విడివిడిగా పంపడం. ఇద్దరి జవాబులూ దగ్గరగా వస్తే సరే. తేడా భారీగా ఉంటే పొలంలో కాదు, అడిగే పద్ధతిలో ఏదో లోపం ఉందన్నమాట. అంటే తన డేటాని తనే అనుమానించే ఏర్పాటు ముందే పెట్టుకున్నారు. నేను వెబ్‌సైట్‌లో సీఎస్‌వీ దొరకగానే నమ్మేశాను.

1943 బెంగాల్ కరువు ఆయన కళ్ళ ముందే జరిగింది. ఆ తర్వాత ఏ కుటుంబం ఎంత పొలం అమ్ముకుంది, ఎవరు కూలీలుగా మారారు అని ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఊళ్ళు తిరిగి సర్వే చేశారు. స్వతంత్రం వచ్చాక 1949లో కేబినెట్‌కి గౌరవ సలహాదారు అయ్యారు. 1950లో నేషనల్ శాంపుల్ సర్వే మొదలైంది. ఇంత పేద దేశం తన జనం ఏం తింటున్నారో, ఎంత ఖర్చు పెడుతున్నారో ఇంటింటికీ వెళ్ళి అడగడం అప్పట్లో ప్రపంచానికే కొత్త. ఇప్పటికీ ఊళ్ళలోకి సర్వేవాళ్ళు వస్తారు, కాగితాల బదులు ట్యాబ్ పట్టుకుని.

ఇక దేశానికి రాసిన మోడల్ సంగతి. నెహ్రూకి రెండో పంచవర్ష ప్రణాళిక కావాలి, 1956 నుంచి 1961 దాకా. ఉన్న కొద్ది డబ్బు దేనిమీద పెట్టాలి? 1953లో మహలనోబిస్ దేశాన్ని రెండు పెట్టెలుగా చేశారు. ఒక పెట్టె జనం వాడుకునే సరుకులు తయారుచేస్తుంది. ఇంకోటి యంత్రాలు తయారుచేస్తుంది. మా భాషలో చెప్పాలంటే చెరకు లాంటిది. కోసినదంతా ఫ్యాక్టరీకి తోలితే ఇవాళ డబ్బు. కొంత విత్తనానికి ఉంచుకుంటే ఇవాళ తక్కువ, కానీ వచ్చే ఏడు ఎక్కువ పొలం వేసుకోవచ్చు. యంత్రాలు చేసే యంత్రాలు అలాంటి విత్తనం. వాటిమీద ఎక్కువ పెడితే మొదట కష్టపడినా, కొన్నేళ్ళకి వృద్ధి వేగం పుంజుకుంటుందని సమీకరణాలు చెప్పాయి. 1928లోనే సోవియట్ యూనియన్‌లో ఫెల్డ్‌మన్ అనే ఆయన ఇలాంటి మోడలే రాశారు.

1955లో ఆ రెండు పెట్టెల్ని నాలుగు చేశారు: యంత్రాలు, ఫ్యాక్టరీ సరుకులు, వ్యవసాయం-చేతిపనులు, సేవలు. మొత్తం పెట్టుబడి 5,600 కోట్లు. ఆదాయం ఏటా ఐదు శాతం పెరగాలి, కోటీ పది లక్షల మందికి పని దొరకాలి. మూడోవంతు డబ్బు యంత్రాలకి అని ముందే నిర్ణయించి, మిగతాది ఎలా పంచాలో సమీకరణాలతో తేల్చారు. తర్వాత ఎకనామిక్స్‌లో మొట్టమొదటి నోబెల్ పంచుకున్న ఫ్రిష్, టిన్‌బర్గెన్ ఇద్దరూ కలకత్తాలో ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళే. దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్ కూడా 1955లో ఆ ఇన్‌స్టిట్యూట్‌కే వచ్చింది, బ్రిటన్ నుంచి. దానికి రెండేళ్ళ ముందు అక్కడి కుర్రాళ్ళు పది తెలియని రాశులున్న సమీకరణాలు సాధించే అనలాగ్ యంత్రం సొంతంగా కట్టారు. అంటే మన బ్రాంచికి ఈ దేశంలో పునాది పడింది ఒక రకంగా ప్రణాళిక లెక్కల మధ్యే.

ఆ ఆలోచన మా హైవే మీద కూడా కనిపిస్తుంది. ఊరి నుంచి బస్సెక్కితే సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు దాటాక రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వస్తుంది. 1960లలో మొదలైన ఫ్యాక్టరీ, టర్బైన్లు చేస్తుంది. యంత్రాలు మనమే చేసుకోవాలి అన్న ఆ పెట్టె ఇక్కడ కాంక్రీటులో ఉంది. ఎన్నో కుటుంబాలు దానిమీద బతికాయి. దాన్ని తప్పు అనడానికి నాకు మనసు రాదు.

కానీ మోడల్లో లేనివి కూడా చెప్పుకోవాలి. దేశం బయటితో కొనడం అమ్మడం దాదాపు లేనట్టే అందులో రాసుకున్నారు. వ్యవసాయం తక్కువ పెట్టుబడితోనే పెరుగుతుంది అనుకున్నారు. బి.ఆర్. షెనాయ్ అనే ఆర్థికవేత్త 1955లోనే, ఇంత పెద్ద ప్రణాళికకి అంత పొదుపు దేశంలో లేదు అని నిపుణుల కమిటీలో విడిగా అసమ్మతి రాశారు. వకీల్, బ్రహ్మానంద అనే ఇద్దరు, పనిచేసేవాడికి ముందు తిండి, బట్ట కావాలి, పెట్టుబడి అక్కడ మొదలవ్వాలి అని వేరే మోడల్ రాశారు. వాళ్ళ మాట నెగ్గలేదు. ప్రణాళిక మొదలైన ఏడాది రెండేళ్ళకే విదేశీ మారకం కరిగిపోయింది. 1956 నుంచే అమెరికా గోధుమల కోసం ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. 1958లో ప్రణాళికని కుదించారు.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. జనపనార ఎకరాల దగ్గర ఇద్దరు మనుషుల్ని పంపి మరీ తనని తాను చెక్ చేసుకున్న మనిషి, కరువు తర్వాత ఊళ్ళు లెక్కపెట్టించిన మనిషి, దేశం సమీకరణాల్లో తిండిని ఎందుకు అంత తేలిగ్గా తీసుకున్నారు? నాకు అనిపించేది ఇది. సర్వేలో ఆయన ప్రశ్న అడుగుతున్నారు. మోడల్లో జవాబు ముందే ఉంది. మూడోవంతు యంత్రాలకి అన్నది లెక్క చెప్పిన సంఖ్య కాదు, లెక్కకి ఇచ్చిన సంఖ్య. నా రిగ్రెషన్ కూడా అంతే. అల్లం లాభం అని చెప్పాలనే ముందు అనుకున్నాను, తర్వాత గీత గీశాను.

ఆయన ఇన్‌స్టిట్యూట్‌ని 1959లో పార్లమెంటు జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా ప్రకటించింది. 1968లో పద్మవిభూషణ్ వచ్చింది. 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకి సరిగ్గా ఒక్కరోజు ముందు పోయారు. 2007 నుంచి జూన్ 29 మనకి జాతీయ గణాంక దినం.

ఆయన పోయాక ఈ మోడళ్ళు చాలా మారాయి. 1976లో రాబర్ట్ లూకస్ అనే అమెరికన్ ఒక చిక్కు ఎత్తి చూపారు. పాత డేటాతో మోడల్ కట్టి పాలసీ మారిస్తే, ఆ పాలసీని చూసి జనం కూడా తమ తీరు మార్చుకుంటారు, అప్పుడు పాత లెక్క పనికిరాదు అని. చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా తాత అడిగింది అదే కదా. అదే కాలంలో, 1975 నుంచి, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వాళ్ళు మహబూబ్‌నగర్ జిల్లా ఆరేపల్లె, దోకూరు లాంటి ఊళ్ళలో నలభై కుటుంబాల చొప్పున తీసుకుని ఏళ్ళ తరబడి వాళ్ళ పంట, కూలి, అప్పు, తిండి రాసుకున్నారు. ఆ ఊళ్ళ డేటాతో ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో పేపర్లు రాశారు. దేశాన్ని రెండు పెట్టెలుగా చూసిన చోటు నుంచి, వాన పడని ఏడు ఒక ఇల్లు ఎలా గడుపుకుంటుంది అని చూసే చోటుకి పరిశోధన వచ్చింది. ఒక విధంగా అది మహలనోబిస్ మోడల్‌ని వదిలి, మహలనోబిస్ సర్వే దగ్గరికి తిరిగి రావడమే.

ఈసారి సెలవుల్లో నేను కోడ్ రాయలేదు. మా ఊళ్ళో రైతు ఇళ్ళ లిస్టు రాసుకుని, చీటీలు తీసి ముప్పై ఇళ్ళు ఎంచుకున్నాను. పదిహేను ఇళ్ళకి నేను, పదిహేనింటికి మా బాబాయి కొడుకు వెళ్ళాం. ఈ ఏడు ఏం పెడుతున్నారు అని ఒకటే ప్రశ్న. నా పదిహేనింటిలో అల్లం పెడతామన్నవాళ్ళు ముగ్గురు. వాడి పదిహేనింటిలో ఎనిమిది మంది. ఇంత తేడా ఏంటా అని మళ్ళీ వెళ్ళి కనుక్కుంటే, నేను ఏదో స్కీము కోసం రాసుకుంటున్నానని కొందరు అనుకున్నారు. ఇంకొందరు, పోయినేడు మాకు జరిగింది తెలిసి, నా ముందు అల్లం పేరెత్తడానికి మొహమాటపడ్డారు. తమ్ముడు ఇంటర్ పిల్లాడు, వాడితో మామూలుగా చెప్పేశారు. ఇద్దరం వెళ్ళకపోయి ఉంటే నా ముగ్గురినే నమ్మి, ఎవరూ పెట్టట్లేదు కాబట్టి మనం పెడదామని నాయినకి మళ్ళీ చెప్పేవాణ్ణి.

నోట్‌బుక్ తాతకి చూపించాను. చదవడం రాదు కాబట్టి చదివి వినిపించాను. ఎవరు నిజంగా పెడతారో, ఎవరు ఉత్తగనే అన్నారో ఇంటింటికీ ఒక్కో మాట చెప్పాడు, నేను పక్కన రాసుకున్నాను. ఈ ఏడు మేం చెరకే ఉంచాం, కాలువ పక్కన రెండు మడులు మాత్రం అల్లం పెట్టాం. ధర ఎట్లా ఉంటుందో పంట తవ్వేటప్పుడు తెలుస్తుంది. ఆ నోట్‌బుక్ మాత్రం దాచి ఉంచాను. వచ్చే ఏడు ఎవరు చెప్పింది చేశారో, ఎవరు చేయలేదో దానితో సరిచూసుకోవాలి.